నూర్మి కొట్టు మీది చేప

సరస్సు మీద మంచు కరిగి పదిహేను రోజులైంది. నీళ్ళు ఇంకా నిద్రమత్తులో ఉన్నట్టే కదులుతున్నాయి. నూర్మి వాళ్ళ ఎరల కొట్టు గోడకి నిచ్చెన వేసుకుని, నాలుగో మెట్టు మీద నిలబడి, ఎల్డన్ రూడ్ తుప్పు పట్టిన మేకుల్ని ఒక్కొక్కదాన్నే బుజ్జగిస్తున్నాడు. గట్టిగా లాగాడంటే రేకు మీది పింగాణీ పెచ్చు లేస్తుంది. అందుకని మేకు తల పక్కన చిన్న చెక్కముక్క ఆనించి, దాని మీద సుత్తి కొక్కెం నిలిపి, పిసరంత లాగడం, ఆగడం, మళ్ళీ పిసరంత లాగడం.

కింద ఆర్డిస్ నూర్మి కాఫీ కప్పుతో నిలబడి చూస్తోంది. ఎనభై ఆరేళ్ళ మనిషి. మగవాళ్ళ రబ్బరు బూట్లు, మొగుడి కోటు, కోటు జేబులో ఎప్పుడూ ఒక చిన్న వల.

"పన్ను పీకుతున్నావా, మేకు పీకుతున్నావా?"

"పన్ను పోతే కట్టించుకోవచ్చు మిసెస్ నూర్మీ. ఈ పింగాణీ పోతే మళ్ళీ రాదు."

"అరవై మూడేళ్ళొచ్చాయి. ఇంకా ఈ రేకుల పిచ్చి వదల్లేదేంట్రా రూడ్ పిల్లోడా."

ఈ జిల్లాలో అరవై మూడేళ్ళ మనిషిని పిల్లోడా అని పిలవగలిగింది ఆవిడొక్కతే. ఆరేళ్ళప్పుడు బొమికల్లాంటి చేతులతో డబ్బా పట్టుకుని చిట్టిచేపల కోసం వచ్చినవాణ్ణి ఆవిడ ఇంకా అలాగే చూస్తుంది. అతనూ ఆ గుమ్మంలోకి వస్తే అలాగే నిలబడతాడు.

ఎల్డన్‌కి ఇంటి పక్క షెడ్డులో నలభై ఒక్క బోర్డులున్నాయి. అన్నీ పాతకాలపు గాలం ఎరలమ్మే కంపెనీలవి. కొయ్యతో చెక్కి రంగులేసిన ఉత్తుత్తి చేపల్ని, కప్పల్ని, ఎలకల్ని అమ్మిన కంపెనీలు ఎప్పుడో మూతబడ్డాయి. కొట్ల గోడలకి కొట్టిన వాటి రేకులు మాత్రం కోళ్ళగూటికి తలుపుగానో, బాత్రూమ్ కప్పుగానో ఎక్కడో ఒకచోట బతుకుతూ ఉంటాయి. వాటిని వెతికి తెచ్చి, మట్టి కడిగి, ఎవరో పులిమిన పైరంగు తీసేసి, అసలు బొమ్మని బయటికి తీయడం అతని పని. పాల వ్యాను నడిపినన్నాళ్ళూ ఆదివారాలు చేశాడు. రిటైరయ్యాక రోజూ చేస్తున్నాడు. పైరంగు అంటే అతనికి అబద్ధం. కిందది నిజం.

ఆ నలభై ఒకటీ ఒకెత్తు, ఈ గోడ మీదిది ఒకెత్తు. స్కోగ్‌లుండ్ అన్నదమ్ముల ‘మార్నింగ్ స్టార్’ ఎర బోర్డు. నాలుగడుగుల వెడల్పు. ఎర్రటి కొయ్య ఎర, నెత్తిన తెల్ల నక్షత్రం. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి వసంతంలో అడుగుతున్నాడు. ఆవిడ ప్రతి వసంతంలో "ఇవ్వను" అనేసి, డబ్బాలో రెండు చిట్టిచేపలు ఎక్కువ వేసి పంపుతోంది. ఈ ఏడు ఆవిడే ఫోన్ చేసింది.

బోర్డు కిందికి దిగింది. ఇద్దరూ పాత దుప్పట్లో చుట్టారు.

"సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ. అంతకు మించి ఏమీ చెయ్యకు" అంది ఆర్డిస్. "స్టవ్ గొట్టంలోంచి వచ్చే పొగంతా దాని మీదే ఉంది. శనివారం తెల్లారేసరికి గోడ మీదుండాలి. ఓపెనర్ నాడు జనం పడవల్లోంచి ముందు దాన్నే చూస్తారు."

ఓపెనర్ అంటే చలికాలం తర్వాత చేపలవేట మొదలయ్యే రోజు. ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళూ చావులూ ఆ రోజుకి అడ్డం రాకుండా చూసుకుంటారు.

"అలాగే."

"తెచ్చాక మాట్లాడదాం. నా తర్వాత అది ఎవరిదో."

ఎల్డన్ ట్రక్కు ఎక్కాడు. ఇంటికి తొమ్మిది మైళ్ళు. గుంట వచ్చిన ప్రతిచోటా బండిని నిద్రపోయే పసిపిల్లని మోస్తున్నట్టు నడిపాడు.

బుధవారం పొద్దున్న బోర్డు కడిగాడు. పొగ జిడ్డు గోధుమరంగు నీళ్ళై కారింది. కారినకొద్దీ బోర్డు మీది చేప బయటపడింది.

ఆ చేప కంపెనీ వేసింది కాదు. ఆ సంగతి అతనికి ముందే తెలుసు. అసలు బోర్డులో చేపే లేదు. ఎర, కింద నీళ్ళు, పైన తెల్లవారుతున్న ఆకాశం, అంతే. పుస్తకాల్లో ఒకే ఒక్క ఫోటో ఉంది, అదీ నలుపు తెలుపు. ఆ ఆకాశం ఏ రంగో చెప్పగల మనిషి ఇప్పుడెవరూ లేరు. ఈ బోర్డు మీద ఎవరో ఆ ఆకాశం, నీళ్ళు మొత్తం బూడిదరంగు పులిమేశారు. దాని మీద తలకిందులుగా మునుగుతున్న పెద్ద చేపని గీశారు. నోరు ఎర దగ్గర, తోక ఆకాశంలో. ఒళ్ళంతా బొటనవేలంత పొలుసులు. దూరం నుంచి మురికిగా కనిపించే ఆ చేప కడిగాక చూస్తే చిత్రంగా ఉంది. ఒక పొలుసు పచ్చ, పక్కది ఇటుకరంగు, దాని పక్కది నీలం. ఒకదానికొకటి పొంతన లేదు. తోక దగ్గర ఆరు పొలుసులు గీతలే ఉన్నాయి, రంగు లేదు.

మధ్యాహ్నం డ్వేన్ ప్రిబిల్ వచ్చాడు. అతనిదీ ఇదే పిచ్చి. పక్క జిల్లాలో ఉంటాడు. కబురు లేకుండా వచ్చి, తలుపు కొట్టకుండా లోపలికొచ్చే మనిషి. బోర్డు చూసి టోపీ తీశాడు.

"ఆ ముసలమ్మ ఇచ్చేసిందా?"

"తుడవమంది."

"తుడవమంది!" డ్వేన్ వంగి పొలుసుల్ని ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. "ఏంటయ్యా ఇది, ఎవరు వేసింది? తాగేసి వేసినట్టుంది. ఎల్డన్, దీని కింద ఏముందో నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"ఆ ఆకాశం ఇంతవరకూ ఎవడూ చూళ్ళేదు."

"ఆవిడ సబ్బునీళ్ళు అంది."

"ఆవిడకి ఏం తెలుసు? కింద ఏముందో ఆవిడా చూసుండదు. తీసి చూపించు, ఏడుస్తుంది సంతోషంతో. శనివారం కెమెరా తెస్తాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు." వెళుతూ గుమ్మంలో ఆగాడు. "తోక దగ్గర మొదలుపెట్టు. ఆకాశం అక్కడే ఉంది."

అతను పోయాక ఎల్డన్ చాలాసేపు స్టూలు మీద కూర్చున్నాడు. షెడ్డు కిటికీలోంచి వెలుతురు వచ్చి బోర్డు మీద పడి, కొంచెం కొంచెం జరుగుతూ, ఎర మీదికొచ్చి, చేప వీపెక్కి, తోక దగ్గర ఆగింది. దూరంగా సరస్సు మీద లూన్ పక్షి ఒక్కసారి అరిచి ఊరుకుంది.

ఆవిడ ఆనందపడుతుంది అనుకున్నాడు. అలా అనుకుంటే చెయ్యి తేలికైంది.

గురువారం తెల్లారగానే మొదలుపెట్టాడు. పుల్ల చివర దూది చుట్టడం, రంగు కరిగించే మందులో ముంచడం, సీసా అంచుకి ఒత్తి ఎక్కువైంది తీసేయడం. పొలుసు మధ్యలో పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. రుద్దకూడదు. రంగు ముందు మెరుస్తుంది, తర్వాత ముడతలు పడుతుంది, తర్వాత మెల్లగా దూదిలోకి ఎక్కుతుంది. పింగాణీ గట్టిది, ఈ మందుకి చలించదు. పైరంగు ఒక్కటే కదులుతుంది. ఒక పొలుసుకి ఒక పుల్ల. వాడిన పుల్లని పారేయడు. కోడిగుడ్ల అట్టపెట్టెలో ఒక్కో గుంటలో ఒక్కోటి వరసగా పెడతాడు. ఏ రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి కదా.

మొదటి పొలుసు ముదురు ఎరుపు. సులువుగా వచ్చింది, రంగు మరీ పాతది కాదు. దాని కింద బూడిదరంగు. బూడిద తీస్తే, కింద.

ఎల్డన్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

గులాబీ కాదు. నారింజ కాదు. గిన్నెడు పాలలో ఒక్క చుక్క చెర్రీ రసం పడి, ఇంకా పూర్తిగా కలవని క్షణం ఎలా ఉంటుందో అలా ఉంది. పాలతో నలభై ఏళ్ళు గడిపిన మనిషికి ఇంకో పోలిక తోచలేదు. అంత చిన్న ముక్కలోంచి షెడ్డు మొత్తానికి తెల్లవారినట్టనిపించింది.

తర్వాత టైము తెలియలేదు. రెండో పొలుసు, మూడోది. భార్య మార్లిస్ వచ్చి శాండ్‌విచ్ పెట్టి వెళ్ళింది. అది ఎండిపోయింది. ఆకాశం అరచేయంత అయింది. రెండు అరచేతులంత అయింది. మధ్యలో ఒక సన్నటి మబ్బుగీత, దాని అడుగున బంగారు అంచు. అతను పెదాలు కదుపుతూ, శబ్దం లేకుండా, ఆ అంచు వెంట వెళుతున్నాడు. తను ఏ సరస్సు మీదో పడవలో ఒక్కడే ఉన్నట్టు, తెడ్డు వేయకుండానే పడవ సాగుతున్నట్టు ఉంది.

పదకొండో పొలుసు మీద దూది పెట్టాడు. తిప్పాడు. తీసి, గుడ్ల అట్టలో పెట్టబోయి ఆగిపోయాడు.

దూది మీద ఒక వికారమైన పచ్చ. ట్రాక్టరు పచ్చలో పాలకేంద్రం గోడలకేసే మీగడరంగు కలిపితే వచ్చే పచ్చ. ఇంకెలా కలిపినా రాదు.

ఆ రంగు కలిపింది వాళ్ళ నాన్న మెల్విన్ రూడ్. రెండు డబ్బాల్లో మిగిలిన అడుగూబొడుగూ ఒక బకెట్లో పోసి, కర్రతో తిప్పి, పడవకి వేశాడు. ఆ కర్ర తిప్పింది ఎల్డనే. సరస్సు మొత్తం ఆ పడవని ‘బఠాణీ చారు’ అనేది. "బఠాణీ చారు వస్తోంది, గిన్నెలు పట్టండి" అని రేవులో కేకలేసేవాళ్ళు. నాన్న టోపీ ఎత్తి ఊపేవాడు. ఎల్డన్ పడవ అడుగున వంగి కూర్చునేవాడు.

అతను దూదిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మందు వాసన తప్ప ఏమీ లేదు.

తర్వాత గుడ్ల అట్టని దగ్గరికి లాక్కున్నాడు. మొదటి గుంటలో ముదురు ఎరుపు. నిరుడు చలికాలం పోయిన క్లారెన్స్ బ్యోర్క్ పడవ ముదురు ఎరుపు. రెండోది ఆవపువ్వు పసుపు. ఆ పసుపు పడవలో కుక్కని ముందు కూర్చోబెట్టుకు తిరిగే ఇర్మా లాఫ్టస్. మూడోది, నాలుగోది. ఆరింటికి పేర్లు తెలిశాయి. మిగిలినవాటికి ముఖాలు గుర్తొచ్చాయి, పేర్లు రాలేదు. అందరూ పోయినవాళ్ళే. బోర్డు మీద, మొప్పల దాకా, ఇంకా ఎన్ని పొలుసులున్నాయో లెక్కపెట్టబోయి మానేశాడు.

"ఎల్డన్, ఏమైంది?" గుమ్మంలో మార్లిస్.

"నాన్నని తుడిచేశానే" అన్నాడు.

శుక్రవారం పొద్దున్న వాన వెలిసింది. బోర్డుని దుప్పట్లో చుట్టి, గుడ్ల అట్టని ఒళ్ళో పెట్టుకుని నూర్మి కొట్టుకి వచ్చాడు. ఆర్డిస్ చిట్టిచేపల తొట్లలో చచ్చినవాటిని వలతో ఏరుతోంది. గల్లాపెట్టె పక్కన యాలకుల రొట్టె కోసి పెట్టి ఉంది, ఓపెనర్ జనం కోసం.

"ఒక రోజు ముందే తెచ్చావు."

అతను బల్ల మీద దుప్పటి విప్పాడు. ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాడు. గుడ్ల అట్టని బోర్డు పక్కన పెట్టాడు.

ఆర్డిస్ చెయ్యి కోటుకి తుడుచుకుంది. తోక ఉన్నచోట, ఖాళీ అయినచోట వేళ్ళు పెట్టింది. చూపు అటు లేదు, కిటికీ అవతల నీళ్ళ మీద ఉంది. వేళ్ళు ఒక్కొక్క చోటా ఆగుతూ పోయాయి.

"క్లారెన్స్" అంది. "ఇర్మా. ఆ ఇద్దరు స్టెన్ అన్నదమ్ములూ, ఒకే వారంలో. హిల్మర్. బడి పంతులమ్మ. ఆ నవ్వులాయన, పేరు... వాల్టర్." మరో మూడు పేర్లు పైకి వినపడలేదు. పదకొండో చోట వేలు ఆగింది. "మీ నాన్న."

"నాకు తెలీదు మిసెస్ నూర్మీ."

"సబ్బునీళ్ళు అన్నాను."

"అన్నారు."

"మెత్తటి గుడ్డ అన్నాను."

"అన్నారు."

తొట్లో గాలి పంపు బుడబుడమంటోంది. ఆవిడ తిడితే బావుండుననిపించింది అతనికి.

"ముందే చెప్పి ఉంటే..." అని మొదలుపెట్టి, ఆ మాట తనకే రుచించక ఆపేశాడు.

"చెబితే ఊరంతా వచ్చి కూర్చుంటారు. మా ఆయన పొలుసు తోక దగ్గర వేశావేంటి, మా అమ్మ రంగు ఇంత వెలిసిందేంటి అంటూ. బతికున్నప్పుడు రేవులో చోటు కోసం కొట్టుకున్నది చాలదూ?" ఆర్డిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "చేపని గీసింది మా ఆయన, వైనో. పొలుసులు నేను. చలికాలం పడవలన్నీ మా కొట్టంలోనే ఉంటాయి కదా, ఎవరి రంగు డబ్బా వాళ్ళు అరలో పెట్టుకుంటారు, వసంతంలో అతుకులేసుకోడానికి. మనిషి పోతాడు, పడవ అమ్ముకుంటారు. డబ్బా అడగడానికి ఎవడూ రాడు."

"వైనో గారి పొలుసేది?"

"ఆ బూడిదరంగంతా ఆయనే. మా పడవ రంగు. ఆయనకి విడిగా పొలుసెందుకు?"

అప్పుడు ఆవిడ మొదటిసారి ఆ ఖాళీని కళ్ళతో చూసింది. కళ్ళజోడు పైకి నెట్టుకుని వంగింది. కిటికీ వెలుతురులో ఆ రెండు అరచేతుల ఆకాశం, మబ్బుగీత, దాని అడుగున బంగారు అంచు. గాలి పంపు శబ్దం కూడా దూరమైనట్టయింది. ఎంతసేపు చూసిందో ఎల్డన్‌కి తెలియదు. ఆవిడ ముఖం మీద ఎప్పటిదో ఒక వయసు వచ్చి పోయింది.

"నేను పెళ్ళై వచ్చేసరికే ఆయన పులిమేశాడు" అంది. "దీని కింద ఇదుందని నాకు చెప్పనేలేదు, ముండమొహం." వేలి వెనకవైపుతో ఆకాశాన్ని ఒక్కసారి తాకింది. "బావుందిరా."

ఎల్డన్ తలెత్తి చూశాడు.

"ఇంక దాన్ని మూసెయ్" అంది ఆర్డిస్.

కొట్టంలో అర నిండా డబ్బాలు. మూతల మీద పేర్లు, కొన్ని పెన్సిలుతో, కొన్ని మేకుతో గీకినవి. ఆవిడ పేరు చెబుతుంటే అతను దించుతున్నాడు. ముందు వైనో బూడిదరంగు. బ్రష్షు పట్టుకున్న చెయ్యి ఆకాశం అంచున ఆగింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ చెయ్యి రంగు తీసిందే గాని వేసింది లేదు. ఫోన్ జేబులోనే ఉంది. ఒక్క ఫోటో కూడా తియ్యలేదు. మొత్తం బయటపడ్డాక తీద్దామనుకున్నాడు. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. ఆర్డిస్ మూతలు ఏరుకుంటోంది. ఎల్డన్ చెయ్యి వెనక్కి వచ్చింది. బంగారు అంచు మీదుగా బూడిదరంగు లాగాడు.

సన్నగా వేసిన బూడిదరంగు ఆరేదాకా ఇద్దరూ స్టవ్ ముందు కూర్చుని రొట్టె తిన్నారు. తర్వాత పొలుసులు. క్లారెన్స్ ఎరుపు. ఇర్మా పసుపు.

"చిన్నగా వెయ్యి, ఇర్మా సన్నగా ఉండేది."

"స్టెన్‌లలో పెద్దాయన పచ్చా, చిన్నాయనా?"

"పెద్దవాడిది పచ్చ. చిన్నవాడిది అదే పచ్చ కావాలని ఏడ్చి, చివరికి నీలం వేసుకున్నాడు."

పదకొండోది వచ్చింది. మెల్విన్ రూడ్ డబ్బా మూత తీస్తే లోపల ఎండి రాయైపోయి ఉంది. సుత్తితో కొడితే పొడి రాలింది. ఆ పడవని నాన్న పోయిన ఏడే ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాడు ఎల్డన్.

అతను గుడ్ల అట్ట తెరిచాడు. పదకొండో గుంటలోంచి పుల్ల తీసి, సీసా మూతలో చుక్క మందు, చుక్క అవిసెనూనె వేసి, దూదిని అందులో ఒత్తాడు. తిప్పాడు. మళ్ళీ ఒత్తాడు. చిన్నప్పుడు బకెట్లో కర్ర తిప్పిన వైపే తిప్పుతున్నానని ఆలస్యంగా గమనించాడు. మూతలోకి పచ్చదనం దిగింది, చాలా పలచగా. ఒక్క పొలుసుకి సరిగ్గా సరిపోయింది.

"పలచనైంది" అన్నాడు.

"మీ నాన్న ఏమీ అనుకోడు. దేనికీ అనుకున్న మనిషి కాదు." ఆర్డిస్ బోర్డుని దూరం నుంచి ఒకసారి చూసింది. "ఇది ఇమ్మని కదూ నువ్వు ప్రతి ఏడూ అడిగేది. నా తర్వాత, పొలుసులు ఎవరు వేస్తారో వాళ్ళది. కాకపోతే గోడ దిగదు."

ఎల్డన్ తలూపాడు.

"ఇంతకీ నీ పడవ ఏం రంగురా?"

"అల్యూమినియం మిసెస్ నూర్మీ. రంగుండదు."

"రంగుండదూ!" ఆవిడ నవ్వు మొదలై దగ్గుగా మారింది. "మరి నిన్నెలా వెయ్యమంటావు ఎవర్నైనా?"

శనివారం తెల్లవారుజామున బోర్డు గోడ మీదుంది. పడవలు ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి దిగుతున్నాయి. డ్వేన్ మెడలో కెమెరాతో వచ్చి, తల ఎత్తి, నోరు తెరిచి నిలబడ్డాడు.

"చేప అలాగే ఉందేంటయ్యా?"

"అలాగే ఉంది."

"కింద చూడలేదా?"

"చూశాను."

"ఆకాశం ఏం రంగు?"

ఎల్డన్ సరస్సు అంచు వైపు చూశాడు. అక్కడ ఇంకా పొగమంచు లేవలేదు. "చెప్పడం కష్టం" అన్నాడు.

డ్వేన్ తిట్టుకుంటూ కెమెరా సంచిలో పెట్టుకున్నాడు. ఆ ఏడు అతనికి మొదటి చేప కూడా పడలేదట. ఆ పాపం కూడా ఎల్డన్‌దేనన్నాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఎల్డన్ పడవని షెడ్డు ముందు బోర్లించాడు. గరుకు కాగితంతో రుద్దాడు. తెల్ల రంగు డబ్బాలో ఒక చుక్క ఎరుపు వేసి, తిప్పి, అట్టముక్క మీద రాసి చూశాడు. కాదు. ఇంకో చుక్క. ఎక్కువైంది. మళ్ళీ తెలుపు, గోరంత పసుపు. మధ్యాహ్నానికి అట్టముక్కలు గడ్డి మీద తొమ్మిదైనాయి. మార్లిస్ చేతులు కట్టుకుని వచ్చి నిలబడింది.

"అల్యూమినియం పడవకి రంగేంటి? అదీ ఆ రంగా? రేవులో నవ్వుతారు."

"నవ్వనీ."

పదో అట్టముక్క దగ్గర అతని చెయ్యి ఆగింది. అట్టని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, కళ్ళు మూసి, తెరిచి, మళ్ళీ చూశాడు.

సాయంత్రానికి పడవ పూర్తయింది. అడుగున కాస్త రంగు మిగిలింది. దాన్ని చిన్న డబ్బాలోకి ఒంపి, మూత బిగించి, మేకుతో తన పేరు గీకాడు. నూర్మి కొట్టానికి తీసుకెళ్ళి, అరలో, నాన్న ఎండిపోయిన డబ్బా పక్కన చోటు చేసి పెట్టాడు.